పదకొండు మొగ్గలు

అక్టోబరు చివర్లో మోకాళ్ల మీద కూర్చుని
నలభై తులిప్ దుంపలు పాతాను.
ఒక్కోటి చిన్నుల్లిపాయంత.
ఆ తర్వాత ఐదు నెలల మంచు.
మా ఇథాకాలో ఓపిక అంటే అదే,
తెల్లగా ఉంటుంది, పారతో తోసుకుంటూ ఉండాలి.

ఏప్రిల్లో ఆకులు నాలుకలు చాపాయి.
ఏ రంగు ఎక్కడ పాతానో
నాకే గుర్తు లేదు.
రాత్రంతా ఎవరెవరి రక్తకణాలో లెక్కపెట్టి
ల్యాబు నుంచి ఇంటికొస్తూ
కారు ఆపకముందే చూశాను:
గేటు పక్క వరస మొత్తం
ఉత్త కాడలు.

మార్జొరీ వచ్చి వంగి చూసింది,
డెబ్బై ఎనిమిదేళ్ల అపరాధ పరిశోధకురాలు.
"నున్నగా కోసినట్టుంటే కుందేలు.
ఇదిగో, పీచు లేచింది చూడు.
జింకకి ముందు పైపళ్లు ఉండవు. చింపుకు తింటుంది."

ఉండి ఉంటే ఇంకేం చేసేదో.

ఆవిడ చెప్పినవన్నీ చేశాను.
పాత మేజోళ్లలో సబ్బు బిళ్లలు కట్టి
కొమ్మకొమ్మకీ వేలాడదీశాను.
పెరడు పెళ్లివారి విడిదిలో స్నానాల గదిలా
ఘుమఘుమలాడింది.
వెండెల్ క్షౌరశాల నుంచి సంచెడు జుట్టు తెచ్చి చల్లాను.
పిచ్చుకలు మోసుకెళ్లి గూళ్లు కట్టుకున్నాయి.
ఆ ఏడు మా వీధి పక్షిపిల్లలన్నీ
ఊరి పెద్దమనుషుల నెరిసిన జుట్టు మీదే
కళ్లు తెరిచాయి.

కోడిగుడ్డు, వెల్లుల్లి కలిపి కొట్టమన్నారు.
నా వంతుగా రెండు చెంచాల గుంటూరు కారం వేశాను.
గాలివాటం చూసుకోలేదు.
పురుషోత్తం గరాజులోంచి తుమ్ముకుంటూ వచ్చి
"మందు జింకలకా, మొగుడికా?" అన్నాడు.
ఆ రాత్రి వాన.
పొద్దున ఇంకో ఆరు కాడలు.
కడిగి వడ్డించినట్టయింది.

శనివారం సెలవు.
డెక్ మీద కుర్చీ వేశాను, అదే నా మంచె.
వడిసెల లేదు. స్టీలు పళ్లెం, గరిటె.
రెండు దుప్పట్లు, ఫ్లాస్కులో కాఫీ.

రెండున్నరకి వచ్చింది.
కంచె మీద గాల్లో ఒక్క క్షణం ఆగి
ఆలోచించుకుని దిగినట్టు దిగింది.
ఒంటి మీద చలికాలం ఇంకా పోలేదు,
దూది ఊడిన పరుపులా బొచ్చు.
పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు.
కడుపు మాత్రం బరువుగా కిందికి జారి ఉంది.
లోపల ఒకటో, రెండో.

పళ్లెం నా ఒళ్లో ఉంది.
అది మొగ్గని నోట పట్టుకుని
మెడ పక్కకి తిప్పి లాగింది.
లేత బెండకాయ ముచ్చిక విరిచినంత చప్పుడు.
అంతే. కొట్టు దగ్గర లేతదో ముదురుదో అని
నా వేళ్లు విరిచి చూసే చప్పుడే అది.

మోగించలేదని చెబితే బావుండేది.
మోగించాను.
మూడిళ్లలో దీపాలు వెలిగాయి,
మార్జొరీ కుక్క వీధి వీధంతా లేపింది.
అది పరిగెత్తలేదు.
నా వైపు చూస్తూ నమలడం పూర్తి చేసి
అప్పుడు వెళ్లింది.

మిగిలినవి పదకొండు.
ఆదివారం పొద్దున్నే కత్తెర తీసుకెళ్లి
పదకొండూ కోసేశాను.
ఏటవాలుగా, నున్నగా,
కుందేలు కోసినట్టు.
గాజు సీసాలో నీళ్లు పోసి
వంటింటి కిటికీలో పెట్టాను.

"ఇంకేం కాపలా కాస్తావిప్పుడు?" అంది మార్జొరీ.
కంచే చేను మేసిందని
ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తెలియక
కాఫీ పోశాను.

నాలుగో రోజుకి విచ్చుకున్నాయి.
ఎర్రవి అనుకున్నాను. అన్నీ పసుపే.
సాయంత్రం డ్యూటీకి బయల్దేరుతుంటే
అద్దానికి అవతల
పూల ఎత్తున
తడిగా ఒక ముక్కు ముద్ర.

తుడుద్దామని గుడ్డ తీశాను.
అప్పటికే టైమైపోయింది,
గుడ్డ చేత్తో పట్టుకునే
కారెక్కాను.