తయ్యారా

దిబ్బా రేవులో పనికి కుదిరిన మొదటి వారం
నాకు అరబ్బీలో మూడే మాటలొచ్చు.
నీళ్ళు. చేప. రేపు.
ఒడ్డు సన్నగీతైన చోట ఇంజను తగ్గించి
ఉబైద్ ముసలాయన "తయ్యారా" అన్నాడు.
తయారా అని అడిగాడనుకుని
"తయారే" అన్నాను
తాడు భుజాన వేసుకుని.

ఆయన నవ్వలేదు. వేలు నీళ్ళలోకి చూపించాడు.

మినారు కొండచీలికలో కనబడాలి,
ఐసు ఫ్యాక్టరీ గొట్టం నీళ్ళట్యాంకుని కప్పెయ్యాలి.
ఆ రెండు గురులూ కలిసినచోట
బోను దించితే హమూరు పడుతుంది.
మా పూడిమడకలోనూ ఇంతే,
కొండనీ తాటిచెట్టునీ కలిపి పార పట్టేవాళ్ళం.
అడుగున ఏముందని ఎవరం అడిగేవాళ్ళం కాదు.

రెండు నెలలకి తెలిసింది
వాళ్ళ భాషలో ఆ మాటకి విమానమని.

పెద్ద యుద్ధం రోజులు.
ఉబైద్ నాన్నకి తొమ్మిదేళ్ళట.
రాత్రివేళ పైనుంచి దగ్గుకుంటూ వచ్చిందట,
ముసలిగాడిద దగ్గినట్టు.
తర్వాత నీళ్ళ చప్పుడు.
తర్వాత ఏమీ లేదు,
ఆ ఏమీ లేకపోవడానికే పిల్లలు ఏడ్చారట.
తెల్లారి పడవలేసుకుని వెళితే
రేకుముక్కని కావలించుకుని ఒక్కడు దొరికాడు.
ఒక కాలికే బూటు.
ఖర్జూరం పెడితే తినలేదు.
ఇంకా ఎంతమందని సైగ చేస్తే
అయిదువేళ్ళూ చాపాడు,
సాయంత్రం దాకా మడవడం మర్చిపోయాడు.

ఎక్కేముందు వాళ్ళనీ ఎవరో అడిగే ఉంటారు,
వాళ్ళ మాటలో.
ఆరుగురూ తయారే అనే ఉంటారు.

బోను చిక్కుకుంటే దిగేది నేనే.
ఎనిమిది బారల లోతు, ఒక్క ఊపిరి.
పక్కటెముకల్లా రేకులు,
వాటి నిండా సముద్రం మొలిపించిన నూగు.
సీటు ఉండాల్సిన చోట
పెద్ద హమూరు కూర్చుంది,
దారి తనకే తెలిసినట్టు.
నన్ను చూసి జరగలేదు.
నేనే పక్కనుంచి చెయ్యి పోనిచ్చి
తాడు విడిపించుకున్నాను.
ఇంకేమీ ముట్టుకోలేదు.
ముట్టుకోలేదంటే కొంచెం అబద్ధం,
చేటంత రేకు
నా చేతిలోనే పైకొచ్చింది.

ఉబైద్ తిడతాడనుకున్నాను.
గోరుతో తట్టి చూశాడు.
"తేలిక" అన్నాడు, అంతే.
వాళ్ళ నాన్న చాపిన వేళ్ళలాగే
తన వేళ్ళు చాపి కాసేపు చూసుకున్నాడు,
లేక చలికి కొంకర్లు తీసుకున్నాడేమో,
నాకేం తెలుసు.

ఉత్తరపు గాలి లేచింది.
పడవలో స్టవ్వు మూడుసార్లు ఆరింది.
నాలుగోసారి ఉబైద్
ఆ రేకుని తెచ్చి మంటకి చుట్టూ వంచాడు.
ఒకప్పుడు గాలినే నమ్ముకున్నది
గాలికి అడ్డం నిలబడింది,
సన్నగా వణుకుతూ.

టీ మరిగింది.
చక్కెర ఎక్కువైంది.
మేమిద్దరం ఒడ్డుకేసి కాకుండా
గురులు కలిసే వైపే తిరిగి
తాగాం.