సాక్షులు ఎవరూ లేరు

ముందుగాల చూసింది నేను గాదు, ఒంటె.
నమిలే దవడ ఆపి
మెడ నిటారుగ లేపి
పడమటి దిక్కు చూసింది.
తర్వాత మిగిలిన ఇరవై రెండూ.

నేను జత్ గడ్డి మోపులు దించుతున్న.
ఫలజ్ అల్ ముఅల్లా అవతల, తారు రోడ్డు ఒడిసి
టైర్ల జాడలే తొవ్వయ్యే కాడ
మా ఉజ్బా.
రేకుల కొట్టం, నీళ్ల ట్యాంకి, జనరేటర్,
నేను, బలూచి మురాద్.
ఆయన ఆ దినం పంటినొప్పికి దవాఖానకు పోయిండు.

తెల్లటిది. రెక్కలు తీసేస్తే ఆటో అంతనే.
వస్తున్నది.
చప్పుడు లేదు.
అదే భయం పెట్టింది.
విమానమంటే నాకు చప్పుడే గదా,
దుబాయి దిక్కు దిగేటివి రాత్రంత రేకుల్ని వణికిస్తయి.
ఇది మాత్రం
సావుకబురు తెచ్చినోడు వాకిట్ల చెప్పులిడిసినట్టు
మెల్లగ.

ఇసుక దిబ్బ దాటి
ఉప్పునేల మీద చక్రం ఆనింది.
ఒకసారి ఎగిరింది.
మళ్ల ఆని, గీసుకుంట గీసుకుంట
మా కంచె తీగకు పదడుగుల దూరంల ఆగింది.
తీగ మీద నా లుంగీ ఆరేసి ఉన్నది.

ముందు కాళ్లు దిగినయి. శానాసేపటికి మనిషి.
పాతికేండ్ల పిల్ల. తలమీది గుడ్డ మెడకు జారింది.
రెక్క కింద కూసొని నవ్వింది,
నవ్వుకుంటనే కక్కుకున్నది.

నీళ్లిచ్చిన. లబన్ డబ్బా ఇచ్చిన.
కొద్దిగ హిందీ వచ్చు ఆమెకు,
ఇంట్ల డ్రైవర్ల కాడ నేర్సుకున్నదట.
లోపలికి వంగి అద్దం ఎనకటి ముల్లు చూపింది,
ఇంక పావు ట్యాంకు ఉన్నదంటున్నది ముల్లు.
'చూడు, ఇప్పటికీ అంటనే ఉంది.'
నేను అద్దం మీద ఏలితోని కొట్టిన,
జనరేటర్ మీటరును కొట్టినట్టు.
కదల్లే.

'పెట్రోలుందా?'
డీజిలుంది.
'ఇది డీజిల్ తాగదు.'
ఇరవై లీటర్ల డబ్బా చేతిల పట్టుకొని
నేను గూడ నవ్విన.
ఎన్ని దినాలకో, పళ్లకు గాలి తగిలింది.

పేరు మౌజా అన్నది.
పోశెట్టి అన్న నేను. ఆమె నోట్ల అది బుషైత్ అయింది.
ఫోను చేసింది. పోలీసులొస్తరన్నది.
'నువ్వు చూసినవ్ గదా, చెప్పాలె,
ఇంజన్ ఆగింది గని నేను ఆగమాగం కాలేదని.'

చూసిన. నా అంత బాగ ఎవ్వరూ చూడలే.
రెక్క ఎట్ల ఒరిగిందో, చక్రం ఏడ ముట్టిందో,
ముందుగాల ఏ ఒంటె మెడ లేపిందో గూడ చెప్పగల్ల.
గని చెప్పెటోని నోటికంటె ముందు
కార్డు అడుగుతరు.
నా కార్డు మీది తారీఖు
పోయిన రంజాన్ కంటె ముందే ఒడిసింది.
అర్బాబ్ రేపంటడు.
రేపు అంటే ఈడ అదొక నెల పేరు.

ఇదంత చెప్పలే.
జేబు మీద చెయ్యి పెట్టుకున్న, అంతే.
ఆమె నా చేతి దిక్కు చూసింది.
నా దిక్కు చూడలే.

రోడ్డు దిక్కు దుమ్ము లేసింది.
నేను గడ్డి మోపుల ఎనక్కు పోయిన.

సందుకెల్లి విన్న.
అరబ్బీల ఆయన ఏదో అడిగిండు.
'మా ఫీ అహద్' అన్నది పిల్ల.
ఆ మాట నాకొస్తది. ఎవరూ లేరు.
ఇంకోటి కలిపింది: ఒంటెలు తప్ప.
నా మీద దయతోనే అన్నది. తెలుసు.
తెలిసి గూడ, గడ్డి పోసలు మెడకు గుచ్చుకుంటుంటె,
ఒక్క నిమిషం
నేను ఉన్ననని దగ్గుదామనిపించింది.

పోలీసాయన రాసుకున్నడు.
లబన్ డబ్బా దిక్కు చూసిండు. లుంగీ దిక్కు చూసిండు.
మళ్ల రాసుకున్నడు.

రెక్కలిప్పి లారీల ఏసుకొని పోయిన్రు.
పొద్దుగూకినంక
ఉప్పు మీది గీతల పక్కపొంటి నడిచిన,
ముట్టిన కాడికెల్లి ఆగిన కాడిదాక.
రెండు వందల పద్నాలుగు అంగలు.
ఎవరన్న అడిగితే చెప్పాలె గదా.