కాటా గుమస్తా కానుక లెక్క

పోలింగు అయిన తర్వాతి ఆదివారం
కానుక సంచి బరువుగా తిరిగొచ్చింది.

ఎప్పుడూ ఉండేవే ఉన్నాయి:
చెమటకి మెత్తబడ్డ పది నోట్లు, రూపాయి బిళ్ళలు,
ఎవరో పిల్లాడు వేసిన చొక్కా గుండీ.
వాటి మధ్య పదకొండు ఐదువందల కాయితాలు,
మడత నలగనివి,
ఒకదాని వెనక ఒకటి వరస నంబర్లు.

ఆమదాలవలస చక్కెర ఫ్యాక్టరీలో
ఇరవై రెండేళ్ళు కాటా గుమస్తాని నేను.
చెరకు మీద నీళ్ళు చల్లి తెస్తే
బండి చక్రం మూలుగు విని చెప్పేసేవాణ్ణి.
ఫ్యాక్టరీ మూతపడింది.
ఎన్నికలొచ్చినప్పుడల్లా మైకులో తెరుచుకుంటుంది.
తూకం మాత్రం నా వేళ్ళకి మిగిలింది.
ఈ నోట్లు ఎక్కడివో అవే చెప్పాయి.
శనివారం రాత్రి వీధి దీపాలు ఆర్పి
మా పేటలో పంచిన కవర్లవి.

మూడు వారాల కింద ఆయన మా మందిరానికొచ్చాడు.
చెప్పులు విప్పాడు. మోకరించాడు.
ఫోటో కుర్రాడు "ఇంకొక్కసారి సార్" అంటే
ఇంకొక్కసారి మోకరించాడు.
రేకులు పీకి శ్లాబు వేయిస్తానన్నాడు.
మేం ఆమెన్ అన్నాం, గట్టిగానే.
ఆ సాయంత్రమే పై వీధి అమ్మవారి సంబరంలో
"మతం మారినోళ్ళ సంగతి చూస్తా" అన్నాడు.
గాలి ఇటే ఉంది. మైకు మాకూ వినపడింది.
రెండో పార్టీ ఆయన అసలు రాలేదు.
ఆయన కవరొచ్చింది.

ఆరాధన అయ్యాక కమిటీ కూర్చుంది.
నెహెమ్యా పాస్టరు గారు చాలాసేపు నోరు తెరవలేదు.
ముప్పై వెండి నాణేలు ఆలయం బండల మీద దొర్లే చప్పుడు
ఆయన వింటున్నారని నాకు తెలుసు.
ఆ యాజకులకీ ఇదే చిక్కు.
పెట్టెలో వేస్తే మైల, పారేద్దామంటే డబ్బాయె.
చివరికి కుమ్మరివాడి పొలం కొన్నారు,
ఊరూ పేరూ లేని పరదేశుల్ని పాతిపెట్టడానికి.

"మనకి ఆ పాటి పొలమైనా లేదు"
అన్నాడు దయాసాగర్, నవ్వకుండా.
నిజమే. మా వాళ్ళని నాగావళి ఒడ్డునే పెడతాం.
తుపాను ఏడాది, ఫ్యాక్టరీ ఇనప చువ్వలతో
నేను చేయించిన మా నాన్న శిలువని
ఏరు పట్టుకుపోయింది.
స్థలం కోసం పెట్టిన అర్జీ వయసు నాలుగు ఎన్నికలు.

గుమ్మంలో చీపురు పట్టుకుని లూదియమ్మ అంది:
"ఏటి బావూ అంత గుంజాటన?
నాను ఇద్దరి కాడా తీసుకున్నాను.
ఒకలివి మందులకైపోనాయి.
రెండోలివి సంచిలో ఏసినాను.
ఓటు మాత్రం ఎవులికీ అమ్మనేదు.
నాకు నచ్చినోడికే గుద్దినాను.
ఆకలికీ ఆశకీ తేడా
దేవుడికి తెల్దేటి?"

ఎవరూ బదులియ్యలేదు.
మినిట్స్ పుస్తకంలో రాశాను:
తీర్మానం వచ్చే నెలకి వాయిదా.

కమిటీలో అననిది ఒకటుంది.
ఆ వరసలో చివరి రెండు నంబర్లూ నావి.

బడి రిజిస్టర్లో నేను గురప్పడు.
బాప్తిస్మం పుస్తకంలో తీతు.
కులం కాయితానికి ఒకడు, ప్రార్థనకి ఒకడు,
అరవై ఏళ్ళుగా ఒకే చొక్కాలో ఇద్దరం సర్దుకుంటున్నాం.
కవరందుకున్నది ఎవడో, సంచిలో జారవిడిచింది ఎవడో
ఆ రాత్రి మేమిద్దరం తేల్చుకోలేకపోయాం.
ఎన్ని వేల బండ్లు తూచానో!
కాటా మీద గుమస్తా ఎప్పుడూ నిలబడడు.

జూన్ మొదటి ఆదివారం ప్రభువు బల్ల.
రొట్టె కోసం దోసిళ్ళు పట్టాం.
పేటంతా ఎడమ చూపుడు వేళ్ళు, గోళ్ళ మీద నల్ల గీతలు.
లూదియమ్మది వణుకుతోంది. నాదీను.

నోట్లు ఇంకా రేకు డబ్బాలోనే ఉన్నాయి.
గోరు పెరిగేకొద్దీ సిరా పైకి జరుగుతోంది.
మనవరాలు కత్తిరించబోతే
చెయ్యి లాక్కున్నాను.
ఇంకా సగం ఉంది.