వదులు బల్బు

స్నానాల గదిలో అద్దం మీది బల్బు
ఈ శీతాకాలం రెండుసార్లు మార్చాను.
మూడోసారి స్టూలెక్కి చెయ్యి పెడితే తెలిసింది,
అది మాడిపోలేదు,
ఎవరో అరచుట్టు వదులు చేశారు.
ఎవరో ఏమిటి, దువార్తె.
పదహారేళ్ళవాడు
తన ముఖానికి తానే కరెంటు కోత పెట్టుకున్నాడు.

బిగించలేదు. స్టూలు దిగాను.

అవైరు ఉప్పుమళ్ళ పక్కన, అట్లాంటిక్ గాలి కొట్టే షెడ్డులో
అరకిలో సంచులు తూచడం నా పని.
ముల్లు వెంట్రుకంత అటు మొగ్గితే చిటికెడు తీస్తాను
ఇటు మొగ్గితే చిటికెడు వేస్తాను.
పాతికేళ్ళ చెయ్యి, తప్పదు.
ఇంటికొచ్చాక మాత్రం
ఏ ముల్లూ నిలవదు.

మొదట పూతమందు.
దిండు గలీబులు వెలిసిపోయాయి,
నీలం గుడ్డ మీద వాడి చెంపంత తెల్లమచ్చ.
గుడ్డ మారింది, చెంప మారలేదు.
తర్వాత మూడు నెలలు యాంటీబయాటిక్.
ఎండలో తిరగొద్దన్నారు.
ఆగస్టులో ఉప్పుమళ్ళలో ఎండ కాక ఇంకేముంటుంది?
తాత అబీలియుతో పార పట్టినవాడు
మెడ వెనక బొబ్బలతో తిరిగొచ్చాడు.
మాత్రలు అయిపోగానే గడ్డలు
ముందే అద్దె కట్టినవాళ్ళలా మళ్ళీ దిగాయి.

సముద్రంలో మునిగితే పోతాయంటాడు తాత.
పాలు మానిపించమంటుంది ఎదురింటి ఇదలీనా.
మా ఆయన ఏమీ అనడు, గడ్డం సవరించుకుంటాడు.
ఆ గడ్డం కింద ఏముందో
పెళ్ళైన ఆరేళ్ళకి, ఆసుపత్రిలో గీసినప్పుడు చూశాను:
వాన వెలిసిన ఇసుకలా గుంటలు గుంటలు.
ఆయన అనని మాటను కూడా
ఒక పళ్ళెంలో వేశాను.

డాక్టర్ కింతేలా కాగితాన్ని నా వైపు కాక
వాడి వైపు తిప్పింది.
ఇంకో గట్టి మందుంది. ఏడెనిమిది నెలలు.
మధ్యమధ్య రక్తపరీక్షలు.
చర్మం ఎండుతుంది, ముక్కు నుంచి నెత్తురు రావచ్చు,
పెదవులు పగులుతాయి,
మనసు మీద ఒక కన్నేసి ఉంచండి.
ఊరికే వదిలేస్తే మచ్చలు లోతవుతాయి.

మనసు మీద కన్ను!
జుట్టు ముందుకు దువ్వుకుని
ఏడాదిగా పళ్ళెంలోకే మాట్లాడుతున్నాడు వాడు.
రేపు తలుపేసుకుంటే
ఈ దిగులు మాత్రది, ఆ దిగులు మొటిమలది అని
ఏ జల్లెడతో వేరుచేయను?
ఉప్పులో ఇసుకైతే
నీళ్ళు పోసి తేల్చేదాన్ని.

పెదవులన్నచోట వాడు తలెత్తాడు.
"నేను ట్రంపెట్ వాయిస్తాను."
అంతే, మళ్ళీ పెదవి విప్పలేదు.
జూన్‌లో ఊరి బ్యాండు కచేరీ.
మొదటిసారి వాడికి ఒంటరి వాయింపు, పన్నెండు బార్లు.
ముఖమా, పెదవా అని
ఏ తల్లినీ ఎవరూ అడగకూడదు.

తక్కువ మోతాదుతో మెల్లగా మొదలుపెట్టొచ్చు,
లేదా జూన్ దాటాక, అంది డాక్టరు.
"జూన్ దాటాక" అన్నాను.
"ఇప్పుడే" అన్నాడు.
రెండు మాటలూ ఒకేసారి వచ్చి
ఆమె బల్ల మీద గుద్దుకున్నాయి.

కారులో అడిగాను, మరి కచేరీ?
కిటికీ వైపు తిరిగి చెప్పాడు:
"ఆ పన్నెండు బార్లు అర్మిందుకి ఇచ్చేశానమ్మా.
జనవరిలోనే.
లేచి నిలబడి వాయించాలి కదా."

రక్తం తీసే నర్సు వాడి చొక్కా చెయ్యి పైకి మడిచింది.
మోచేతి మడతలో చర్మం
నేను మొదటిసారి నీళ్ళు పోసిన నాటిదే,
ఒక్క చుక్క మచ్చ లేదు.
అక్కడే గుచ్చింది.
నేను గోడ మీది క్యాలెండరు చూశాను.

రాత్రి స్నానాల గది తలుపు కింద
వెలుతురు లేదు.
లోపల ట్రంపెట్,
బెల్లులో తువ్వాలు కుక్కినట్టున్నాడు,
జలుబు చేసిన గొంతులా వస్తోంది.
లెక్కపెట్టాను.
ఏడో బారు దగ్గర తడబడి
మళ్ళీ మొదటికొచ్చాడు.
వసారాలో నిలబడే ఉన్నాను, చేతిలో
మందులషాపు వాడిచ్చిన పెదవుల లేపనం,
ఇంకా మూత తీయనిది.