అమ్మని మాట

గుణుపురం సంతలో
అల్లం కుప్పల మధ్య గొంతుక్కూర్చుని
గొంతులు కొంటున్నాను.

వాక్యానికి మూడు రూపాయలు.
బెంగుళూరులో ఎవరిదో కంపెనీ, ఎవరిదో యంత్రం,
దానికి మన మాట నేర్పాలట.
ఫోన్లో ఎర్రచుక్క వెలిగితే మాట్లాడాలి,
ఆరితే ఆగాలి.
సవర కొండల మీంచి గాలి దిగిందా,
మళ్లీ మొదటినుంచి.

తెర మీద వాక్యం వచ్చింది:
"విమానాశ్రయానికి దారి ఎటు?"
చదవమన్నాను.
దాలమ్మ కిళ్లీ రసం పెదవి దాటేలా నవ్వింది.
"నాకు అచ్చరాలే రావు.
మనవరాలికొచ్చు గానీ, ఒడియావి.
ఇయి జిలేబీల్లాగున్నాయి."

నిజమే.
మా బడిలో అక్షరాలన్నీ గొడుగులేసుకుని ఉండేవి.
తెలుగు నేను నేర్చుకున్నది
పాలకొండ బస్సు నుదుటి మీద.
ఒక వారం 'పా', మరో వారం 'ల',
'కొం' దగ్గర చాన్నాళ్లు ఆగిపోయాను.

సరే, నీకు తోచిందే చెప్పు మామ్మా, అన్నాను.
"అదా కేతే అంటాడొకడు,
అల్లమెంత అంటాడొకడు,
కొండ మీంచొచ్చినోలు ఏటీ అనరు, ఏలు సూపిస్తారు.
దర ఒకటే. నోల్లే మూడు."

యంత్రం అడిగింది: భాష?
ఒక్కటే ఎంచుకోండి.
గడులు మూడు. తెలుగు. ఒడియా.
చివరిది, రొద.

తెలుగు నొక్కాను. ఒప్పుకోలేదు.
ఒడియా నొక్కాను. ఒప్పుకోలేదు.
దాలమ్మ నా వేలు వంకే చూస్తోంది
తక్కెడ ముల్లును చూసినట్టు.

"నా మాట అది నేర్సుకుంటే
బేరం కూడా నేర్సేసుకుంటాదేటి?
రేపెవుడో రాయగడ నుంచి ఫోన్ సేసి
నా గొంతుతోనే నన్ను దర తగ్గించమంటే?"

నా దగ్గర జవాబు లేదు.
ఒప్పంద కాగితంలో ఉందేమో, అది ఇంగ్లీషు.
అందులో దాలమ్మ ఉండదు, ఒక అంకె ఉంటుంది.

ఇంకోటి కూడా చెప్పాలి.
పోయిన వానల్లో వంశధార పొంగిన రాత్రి
అందరి ఫోన్లలో హెచ్చరిక మోగింది,
పుస్తకాల ఒడియాలో, ఎవరో ఎరగని గొంతుతో.
రీచార్జి అయిపోయిందన్న కబురనుకుని
దాలమ్మ అటు తిరిగి పడుకుంది.
తెల్లారేసరికి రెండు మేకలు లేవు.
అందుకు కూడా కూర్చున్నానిక్కడ,
మూడు రూపాయలకే కాదు.

ఇరవై వాక్యాలు చెప్పింది.
కోడలి మోకాలు, కరెంటు బిల్లు,
కుళ్లు పట్టిన దుంపని వాసనతో ఎలా కనిపెట్టాలో,
సన్నపట్టాల రైలు నించి దిగి
చింతకాయలు రాల్చుకుని మళ్లీ అదే రైలెక్కడం.
ఇరవై ఒకటోది మొదలుపెట్టబోతూ
జనంలో దారి తప్పుతున్న మనవరాలిని చూసి
ఒక కేక వేసింది.
ఒకటే మాట.
సంతంతా విన్నది,
ఆ పిల్ల ఒక్కతే తల తిప్పింది.

వెంటనే నా ఫోన్ మీద
మట్టి చెయ్యి బోర్లించింది దాలమ్మ.
"ఇది కాదు. ఇది అమ్మను. తుడిసీ."

తుడిచేశాను.
అరవై లెక్కపెట్టి ఇచ్చాను.
నోట్లు నడుముకి దోపుకుని
ఒక దుంప నా సంచిలో పడేసింది,
కొన్నవాళ్లందరికీ వేసినట్టే,
కొసరు.

రాత్రి గదిలో ముక్కలన్నీ సరిచూస్తున్నాను.
తుడిచిన చోట రెండు సెకన్ల ఖాళీ.
యంత్రం దాన్నీ వదలదు: భాష?

ఇంకో గడి పెట్టమని పైవాళ్లకి రాశాను, ఎనిమిదోసారి.
సంత అని పెట్టండి, గుణుపురం అని పెట్టండి,
పేరు లేకపోయినా పరవాలేదు, గడి ఉంటే చాలు.
జవాబు యంత్రమే ఇచ్చింది,
చాలా మర్యాదగా.

దుంప దంచి టీలో వేశాను. ఘాటుగా ఉంది.
ఆ మాట నా చెవిలో ఉంది.
ఇక్కడ కూడా రాయను.