వద్దు అని రాసిన మీట

పగలు నా పని చెవులు పరీక్షించడం.
రోచ్‌డేల్ ఆస్పత్రి, రెండో అంతస్తు, మెత్తటి గోడల గది.
"కూత వినపడితే బటన్ నొక్కండి, అనుమానమైనా సరే నొక్కండి"
రోజుకు పద్నాలుగు సార్లు అంటాను.

డారెల్ క్లెగ్ రెండు వేల దాకా బాగానే నొక్కాడు.
నాలుగు వేల దగ్గర
గాజు అవతలి నుంచి నా వంక చూస్తూ కూచున్నాడు,
రద్దయిన బస్సు కోసం స్టాపులో నిలబడ్డ మనిషిలా.
గ్రాఫు మీద అక్కడొక గుంట.
సిరిసిల్లలో సాంచెల మధ్య ముప్పై ఏండ్లు తిరిగిన
మా పెద్దనాయినకూ ఉండే ఉంటుంది ఆ గుంట.
ఆయనకెవరూ గ్రాఫు గీయలేదు,
చెవిటోడన్నారు, అంతే.

"మిల్లులో చేశారా?"
"మిల్లులోనే. కానీ అది మూతపడ్డాక.
తొంభై రెండులో, రాత్రిళ్లు, తాళం పగలగొట్టి."
చెవిలో ఎప్పుడూ ఒక ఈల, అన్నాడు.
దాని శ్రుతి పట్టుకోవాలని మూడుసార్లు పిలిపించాను.
ఇదా? కాదు. ఇదా? దగ్గరే, కానీ కాదు.

రోగితో బేరమాడకూడదు. ఆడలేదు,
అడిగినంతా ఇచ్చేశాను
ఎనభై నాలుగు నాటి ఆయన జపాను సింథసైజర్‌కి.
ఆరు గొంతులు దానికి, ఒకటి చచ్చిపోయింది.
ప్రతి ఆరో స్వరం దగ్గరా ఖాళీ.
మొదట్లో చిరాకు, తర్వాత్తర్వాత అదే యతి.

కాలువ పక్కన పాత నూలు మిల్లులో గది అద్దెకు తీసుకున్నాను.
గురువారం గురువారం క్లెగ్ వస్తాడు,
అమ్మేసిన బర్రెను చూసుకోడానికొచ్చే రైతులా.
డ్రమ్ మెషీన్ మీద పదహారు గడులు
వెలుగుతూ ఆరుతూ పడుగు మీద పేక తోస్తుంటాయి,
నిమిషానికి నూట ముప్పై ఆరు రోకటి పోట్లు,
కింది గదిలో యోగా వాళ్లు కర్రతో పైకప్పు పొడుస్తారు.
"ఫిల్టర్ ఇంకా తెరువు" అంటాడు.
ఆయనకు చాలని చోట నా పళ్లు జివ్వుమంటాయి.
చివరికి ఒప్పందం కుదిరింది:
పైన ఏముందో నేను చెప్తాను,
కింద ఏం తక్కువైందో ఆయన చెప్తాడు.

మీటల కింద పసుపు టేపు, దాని మీద ఆయన చేతిరాత:
వాన. నోరీన్. నోరీన్ మళ్లీ.
చర్చి, కానీ మురికిది.
చివరిది: వద్దు.

వద్దంటే నొక్కనిదెవరు?

సన్నటి ఈల. స్వరం కాదు,
ఫిల్టర్ తన గొంతు తానే పిండుకునే చప్పుడు.
వాల్యూమ్ తగ్గించబోయాను.
క్లెగ్ చెయ్యెత్తాడు,
ఆస్పత్రి గదిలో ఎన్నడూ ఎత్తని చెయ్యి.
"అదే," అన్నాడు.

ఏదో రాత్రి, ఇలాంటి మిల్లులోనే,
మనిషెత్తు స్పీకర్ పక్కన దాన్ని వదిలేసి
నోరీన్‌తో పోట్లాడ్డానికి నిలబడ్డాడట.
పాట ఎంతసేపో గుర్తు లేదు,
పోట్లాట దేనికో అసలే లేదు.
ఇంటికొచ్చి ఈ టేపు అంటించాడు.

నా వృత్తిలో ఒక చిన్న కిటుకుంది, ప్రతిసారీ పనిచేయదు.
లోపలి ఈలకు సరిజోడు బయట మోగించి, నిమిషం ఆగి,
ఠక్కున ఆపాలి.
ఆపాను.

రేడియేటర్ టిక్కుమంది. దూలం మీద పావురం కదిలింది.
"ఇప్పుడేమీ మోగట్లేదు కదా?"
"లేదు."
"నీక్కూడానా?"
"నాక్కూడా."
కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.
లెక్కపెట్టడం నాకు అలవాటు,
ముప్పై ఎనిమిది దాకా వెళ్లాను.
అప్పుడు ఆయన మొహం మళ్లీ మామూలైంది.

"సరే, ప్లే నొక్కు."
రోకలి పడింది.
ఆరో స్వరం, ఎప్పటిలాగే, రాలేదు.