గీయని వంపు

ముసఫ్ఫా షెడ్డులో రాత్రి రెండింటికి
ఉప్పునీటి పంపు నట్టొకటి బల్ల మీద పడేశారు.
డ్రాయింగు లేదు.
వెర్నియర్ పట్టాను: ముప్పై ఆరు.
ఇంకో జత పక్కలకి అర తక్కువ,
ఎవరి పానా జారిందో.

తెర మీద ఒక్క అంకె మారిస్తే
ఆరు పక్కలూ కలిసి జరుగుతాయి,
పై అంచు నెలవంకలే కుదరవు.
గీశాను, తుడిచాను, గీశాను.

లేత్ ఆపి లింబాద్రన్న వచ్చాడు
చేతులు పాంటుకి తుడుచుకుంటూ:
"అది గీసేది కాదు తమ్మీ.
ముప్పై డిగ్రీలు పెట్టి చుట్టూ తిప్పు,
దానంతటదే పడ్తది."

తిప్పాను.
శంకువు ఆరు మూలల్నీ ఒరుసుకుంటూ పోయింది,
వెనక ఆరు వంపులు,
ఒక్కటీ నేను గీసింది కాదు.

ఫైలు పేరడిగితే లింబాద్రి అని కొట్టాను.
ఆయన చూడలేదు.
అరిగిన నట్టుని లైటుకెత్తి
కన్నంలోంచి నన్ను చూస్తున్నాడు.